పాతికేళ్ళ తర్వాత బ్యాచ్ సంచికకి ఏం రాయాలి? కడియం నుంచి వచ్చిన ప్రశ్నకి నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది రాజోలు దగ్గర ఊరు. 2001లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బాటనీ పూర్తి చేశాను. మా బ్యాచ్‌కి పాతికేళ్ళు నిండుతున్నాయని ఒక సంచిక వేస్తున్నారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా మీ విశేషాలు, సాధించినవి రెండు వందల మాటల్లో రాసి ఫొటోతో పంపమన్నారు. ఇప్పటికే వచ్చినవి చదివాను. ఒకరు అమెరికాలో సైంటిస్టు, ఒకరు ప్రొఫెసరు, ఒకరు డిప్యూటీ కలెక్టరు. నేను పెళ్ళయి కడియం వచ్చాను. పదిహేనేళ్ళు ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. 2020లో కరోనాతో ఆ ఉద్యోగం పోయింది. ఇప్పుడు అత్తవారి నర్సరీలో పని చూసుకుంటున్నాను. లారీ లోడుకి లిస్టు రాయడం, ఏ మొక్కకి ఏ తెగులో చెప్పడం, అంతే. అసలు రాయాలా? రాస్తే ఏం రాయాలి? టెన్షన్‌గా ఉంది."

అమ్మా, ముందు మీ మొదటి ప్రశ్నకి జవాబు: రాయండి. తప్పకుండా రాయండి. ఎందుకో చెప్పే ముందు నేనెవరో రెండు ముక్కల్లో చెబుతాను. 1984లో అదే వాల్తేరులో, అంటే ఆంధ్రా యూనివర్సిటీలోనే, జువాలజీ ఎమ్మెస్సీ చేశాను. డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళకి పైగా పాఠాలు చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు రామచంద్రపురంలో ఉంటున్నాను. మా డిపార్ట్‌మెంట్‌లో చదివిన ఉభయ గోదావరి జిల్లాల వాళ్ళ విశేషాలు పోగుచేసి 1997 నుంచి ఏడాదికొకసారి చిన్న సంచికగా వేస్తున్నాను. మొదట జిరాక్సు కాగితాలు, తర్వాత డీటీపీ, ఇప్పుడు వాట్సాప్‌లో కూడా పెడుతున్నాం. మీలాంటి ప్రశ్న ప్రతి ఏడూ కనీసం ఇద్దరు ముగ్గురు నన్ను అడుగుతారు.

ఈ సంచిక మేం సరదాకి మొదలుపెట్టలేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపాను మీకు గుర్తుండే ఉంటుంది, మీది రాజోలు వైపే కదా. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి తోటలు నేలకొరిగాయి. ఆ వారంలో హైదరాబాదు నుంచీ మద్రాసు నుంచీ మా క్లాస్‌మేట్లు నేను పనిచేసే కాలేజీ ఆఫీసుకి ఫోన్లు చేశారు. "మనవాళ్ళు ఆ వైపు ఎవరెవరున్నారు? డబ్బు పంపుతాం, ఎవరికి పంపమంటావు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ముమ్మిడివరం వైపు ముగ్గురున్నారని తెలుసు, ఏ ఊళ్ళోనో తెలియదు. దారులు బాగయ్యాక బయల్దేరి, టీ కొట్ల దగ్గర పేరు చెప్పి, చదువు చెప్పి వాకబు చేశాను. ఇద్దరు దొరికారు. అందులో ఒకాయన పైకప్పు ఎగిరిపోయి, పెళ్ళాం బిడ్డలతో స్కూలు వరండాలో ఉన్నాడు. మూడో ఆయన దొరకలేదు. రెండేళ్ళ తర్వాత వేరే పని మీద కాట్రేనికోన వెళ్తే అక్కడ కనపడ్డాడు. నేను ఆ రోజు వాకబు చేసి వెనక్కి తిరిగిన చోటికి వాళ్ళ ఊరు నాలుగు కిలోమీటర్లు. ఆ తుపానులో వాళ్ళమ్మ పోయింది. ఆ కష్టంలో ఆయన పక్కన ఒక్క క్లాస్‌మేటూ లేడు. నేను అంత దగ్గరికి వెళ్ళి తిరిగి వచ్చేశానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

1997 ఉగాదికి ఒక పొడుగు నోటు పుస్తకం కొని పేరు, ఊరు, చేసే పని, చేరే దారి రాయడం మొదలుపెట్టాను. ఇప్పటి సంచిక ఆ పుస్తకంలోంచి పుట్టిందే. అందుకని పూర్వ విద్యార్థుల విశేషాలంటే నా దృష్టిలో మొదటి అర్థం "నేను ఇక్కడ ఉన్నాను, ఈ పని తెలుసు, అవసరమైతే రండి" అనే. సాధించినవన్నీ దాని తర్వాతే. పాతకాలం ఉత్తరాల్లో "ఉభయకుశలోపరి" అని ఒక్క మాట రాసి అసలు సంగతిలోకి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు చాలామంది ఆ కుశలం దగ్గరే ఆగిపోతున్నారు, అదీ ప్రమోషన్ల రూపంలో.

ఇన్నేళ్ళలో నేను శ్రద్ధగా గమనించిన విషయం ఒకటుంది. సంచిక వెళ్ళిన నెల రోజుల్లో ఎవరికి ఫోన్లు వచ్చాయో ఆయా మనుషులను అడిగి తెలుసుకుంటూ వచ్చాను. ఫలానా సంవత్సరం అసిస్టెంట్, ఫలానా సంవత్సరం అసోసియేట్, ఫలానా సంవత్సరం డైరెక్టర్ అని వరసగా రాసిన వాళ్ళకి అభినందనలు వచ్చాయి, అంతటితో సరి. భీమవరం అవతల చెరువులు చేసిన మా క్లాస్‌మేట్ ఒకాయన 2011లో ఒక పేజీ రాశాడు. 1990ల మొదట్లో అందరిలాగే ఉద్యోగం మానేసి టైగర్ రొయ్యలోకి దిగాడు. మొదటి రెండు పంటలు బాగా దిగుబడి ఇచ్చాయి. 1995 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ వచ్చి రెండు చెరువులు వారం రోజుల్లో ఖాళీ అయ్యాయి. ఆ అప్పు తీరడానికి పదకొండేళ్ళు పట్టింది. ఆ పదకొండేళ్ళూ హ్యాచరీల్లో టెక్నీషియన్‌గా చేశాడు, తర్వాత చిన్న నీటి పరీక్షల ల్యాబు పెట్టుకున్నాడు. చదువుకున్న జువాలజీ తనకి మొదటిసారి అక్కరకొచ్చింది అప్పుడేనని రాశాడు. సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేసే ముందు తను ఏం చూడలేదో, ఇప్పుడు ఏం చూడమని రైతులకి చెబుతాడో కూడా నాలుగు వాక్యాల్లో పెట్టాడు.

ఆ ఒక్క పేజీకి ఆ ఏడాది ముప్ఫై మందికి పైగా ఫోన్లు చేశారు. అప్పటికి వనామీ అనే కొత్త రకం రొయ్య వచ్చి రెండేళ్ళయింది, మళ్ళీ అందరి చూపూ చెరువుల మీద పడింది. మా జూనియర్ ఒకాయన వరి చేను తవ్వించి లీజుకి దిగుదామని అడ్వాన్సు కూడా సిద్ధం చేసుకున్నాడు, ఈ పేజీ చదివి ముందు ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరూ కలిసి ఆ నేల, ఆ కాలవ నీరు పరీక్ష చేయించుకున్నాక ఆ చోటు వద్దనుకున్నారు. ఆ కుటుంబం ఇప్పటికీ ఆ పేజీని తలుచుకుంటుంది. రాసినాయనకి మాత్రం పంపే ముందు సరిగ్గా మీకున్న సందేహమే ఉండేది. "మాస్టారూ, అప్పులపాలైన కథ సంచికలో ఏం బాగుంటుందండీ" అని రెండేళ్ళు వాయిదా వేశాడు.

ఇక నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. మొదట్లో సంచికని భాగాలుగా విడగొట్టేవాణ్ణి: విదేశాల్లో ఉన్నవారు, యూనివర్సిటీల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో, చివర "ఇతరులు". మా సీనియర్ ఒకావిడ పాలకొల్లు నుంచి "ఇంటి దగ్గరే ఉంటున్నాను, పిల్లలకి పాఠాలు చెబుతున్నాను" అని ఒక కార్డు రాశారు. నేను దాన్ని "ఇతరులు"లో వేసి, పేరు పక్కన "గృహిణి" అని పెట్టాను. ఆవిడ ఆ తర్వాత ఆరేళ్ళు ఒక్క ముక్క రాయలేదు. ఒక పెళ్ళిలో కలిసినప్పుడు అడిగితే నెమ్మదిగా చెప్పారు. ఆవిడ వీధి అరుగు మీద పన్నెండేళ్ళుగా ఇంటర్ బైపీసీ పిల్లలకి పాఠాలు చెబుతున్నారు. డబ్బులు లేని వాళ్ళ దగ్గర తీసుకోరు. ఆ అరుగు మీద కూర్చున్న వాళ్ళలో ముగ్గురు డాక్టర్లయ్యారు. ఆవిడ రాసిన రెండో వాక్యాన్ని నేను చదివీ చదవనట్టు వదిలేశాను. అప్పటి నుంచి భాగాలు తీసేశాను. ఇప్పుడు మా సంచికలో పేర్లు పుట్టిన ఊళ్ళ అక్షర వరసలో ఉంటాయి. అంతర్వేది పక్కన అంబాజీపేట, దాని పక్కన ఆత్రేయపురం. ఐఏఎస్ ఆఫీసరు, చేపల చెరువు కౌలుదారు ఒకే పేజీలో పక్కపక్కన ఉంటారు, ఎందుకంటే వాళ్ళిద్దరూ ఒకే బస్సెక్కి ట్రంకు పెట్టెలతో రాజమండ్రి స్టేషనుకి వచ్చిన వాళ్ళు. మీ సంచిక వేసే వాళ్ళకి కూడా ఈ పద్ధతి చెప్పి చూడండి. చాలామందిలో మీకున్నలాంటి టెన్షన్ దీనివల్లే సగం తగ్గుతుంది.

ఆడవాళ్ళ విషయంలో ఇంకో పెద్ద ఇబ్బంది ఉంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిపోతుంది, ఊరు మారిపోతుంది. ఫేస్‌బుక్‌లో కొత్త ఇంటిపేరు, భర్త పేరు, పిల్లల ఫొటో ఉంటాయి. హాస్టల్ గదిలో రెండేళ్ళు పక్క మంచం మీద పడుకున్న స్నేహితురాలు కూడా వెతికి పట్టుకోలేదు. మా పుస్తకంలో 1997కి ముందు బ్యాచ్‌ల నుంచి ఇప్పటికీ దొరకని వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. కాబట్టి మీరు మొట్టమొదట రాయాల్సింది పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, హాస్టల్లో మిమ్మల్ని పిలిచే పేరు. మగవాళ్ళకి ఇంటిపేరు మారకపోయినా మన జిల్లాల్లో వేరే చిక్కుంది. అన్నవరం దేవుడి దయ వల్ల ప్రతి బ్యాచ్‌లోనూ నలుగురైదుగురు సత్యనారాయణలు ఉంటారు. పేరుకి ముందు ఇనీషియల్ పెడితే ఎవరికీ అర్థం కాదు. "మండపేట సత్యం" అంటే అందరికీ గుర్తొస్తాడు.

మీ సంగతిని మిగిలిన వాళ్ళు పంపిన వాటితో పోల్చుకున్నారు, అది సహజం. మన యూనివర్సిటీ 1926లో మొదలైంది, మీ పాతికేళ్ళు దాని నూరేళ్ళతో కలిసొచ్చాయి. దాని ముద్ర మీద ఉండే మాట "తేజస్వి నావధీతమస్తు". మనం చదివిన చదువు వెలుగునివ్వాలి అని. ఆ శాంతి మంత్రంలో దాని వెంటనే వచ్చే మాట "మా విద్విషావహై", మనలో మనకి ద్వేషం వద్దు అని. మా గురువుగారు మొదటి రోజు క్లాసులో రెండో మాట కూడా చెప్పి అర్థం వివరించేవారు. సంచిక పేజీలు చూస్తున్నప్పుడు నాకు ఆ రెండో మాటే ఎక్కువ గుర్తొస్తుంది.

పెద్ద పెద్ద జీవితాలు కూడా కాగితం మీద కనిపించినంత తిన్నగా సాగలేదు. గణాంక శాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించే సి.ఆర్. రావుగారు మన వాల్తేరులోనే గణితం చదివారు. ఒక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు, ఆ ఉద్యోగం రాలేదు. ఆ వెళ్ళడంలోనే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి 1941లో అక్కడ చేరారు. 2023లో 102 ఏళ్ళ వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు. ఆయన సాధించిన వాటి జాబితా రాస్తే ఆ రాని ఉద్యోగానికి అందులో చోటుండదు. కానీ ఆయన్ని కలకత్తా చేర్చింది ఆ ఉద్యోగమే. మీరు 2020లో పోయిన ఉద్యోగం గురించి రాయాలా వద్దా అని లోపల తర్జనభర్జన పడుతున్నారని మీ ప్రశ్న చూస్తే తెలుస్తోంది. ఒక్క వాక్యం రాయండి. "2020లో కరోనా సమయంలో కాలేజీ ఉద్యోగం పోయింది" అని. సాకులు వద్దు, నిందలు వద్దు. ఆ ఏడాది మన జిల్లాల్లో ప్రైవేటు స్కూళ్ళు, కాలేజీల్లో పాఠాలు చెప్పే ఎంతమంది కూరగాయలమ్మారో, ఎంతమంది ఉపాధి పనికి వెళ్ళారో మనకి తెలుసు. మీ బ్యాచ్‌లో కూడా ఇద్దరు ముగ్గురు ఉంటారు, నోరు విప్పకుండా ఉంటారు. మీ వాక్యం చదివాక వాళ్ళూ రాస్తారు.

నోరు విప్పకపోతే ఏం పోతుందో నేను చూశాను. మా జూనియర్ ఒకాయన 1998 డీఎస్సీలో క్వాలిఫై అయ్యాడు, పోస్టింగు రాలేదు. అప్పటి నుంచి కోర్టులు, వినతి పత్రాలు. మధ్యలో ట్యూషన్లు చెప్పాడు, ఇన్సూరెన్సు పాలసీలు కట్టించాడు. చివరికి 2022లో ప్రభుత్వం ఆ అభ్యర్థులను తీసుకోవడానికి ఒప్పుకుంది. మినిమం టైమ్ స్కేల్ మీద, అంటే ఆ పోస్టుకుండే కనీస జీతం మీద, టీచరుగా చేరేసరికి ఆయనకి యాభై దాటి నాలుగైదేళ్ళయింది. చేరాకే మాకు మొదటిసారి ఉత్తరం రాశాడు. ఇన్నేళ్ళు ఎందుకు రాయలేదని అడిగితే "చెప్పుకోడానికి ఏముందండీ" అన్నాడు. నాకు బాధేసిన విషయం అది కాదు. మా పుస్తకంలోనే తణుకులో ఒకరు, పిఠాపురంలో ఒకరు అదే డీఎస్సీ వాళ్ళు ఉన్నారు. ముగ్గురూ వేర్వేరు లాయర్ల చుట్టూ, వేర్వేరుగా ఖర్చు పెట్టుకుని, ఒకరికొకరు తెలియకుండా తిరిగారు. "పోస్టింగు కోసం చూస్తున్నాను" అని ఒక్క వాక్యం ఏ సంవత్సరం రాసినా ఆ ముగ్గురినీ నేను కలిపేవాణ్ణి.

రైతులైన వాళ్ళు కూడా రాయరు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. అందులో మావాళ్ళు ముగ్గురున్నారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఎమ్మెస్సీ చదివి నాగలి పట్టాడంటారని వాళ్ళు సిగ్గుపడ్డారు. ఇది మన చదువులు మనకి చేసిన అన్యాయం అనిపిస్తుంది నాకు.

రాసే ముందు రెండు మూడు జాగ్రత్తలు. మీ సంగతి మీరే రాయండి, ఇంకొకరి చేత పంపించవద్దు. 2009లో ఒక కుర్రాడి సంగతి వాళ్ళ నాన్నగారు చెబితే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాడని వేశాను. అప్పటికి మూడు నెలల ముందే మాంద్యంలో అతని ఉద్యోగం పోయింది, ఇంట్లో చెప్పలేదు. సంచిక చూసి ఊళ్ళో వాళ్ళు వాళ్ళ నాన్నగారిని అభినందించారు. ఆ అబ్బాయి నాకు ఫోన్ చేసి "మాస్టారూ, వేసే ముందు నన్నొక్కసారి అడిగుంటే బాగుండేదండీ" అన్నాడు. కోప్పడి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. అప్పటి నుంచి ఎవరి సంగతి వాళ్ళ నోటితో విన్నాకే అచ్చుకిస్తాను. చనిపోయిన వాళ్ళ వార్త అయితే ఇంటి వాళ్ళతో మాట్లాడందే అసలు వెయ్యను.

ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు సంచికలో పెట్టవద్దు, ముఖ్యంగా ఆన్‌లైన్‌లో పెట్టే దానిలో. మీ బ్యాచ్‌లో ఎవరో ఒకరి దగ్గర నంబర్ల పుస్తకం ఉండాలి, కావలసిన వాళ్ళు ఆ మనిషిని అడగాలి. మా గ్రూపులో క్లాస్‌మేట్ పేరూ ఫొటో పెట్టుకుని "ఆసుపత్రిలో ఉన్నాను, అర్జెంటుగా డబ్బు పంపు" అని మెసేజ్ చేసి మోసం చేసిన సంఘటనలు రెండు జరిగాయి. ఊరి పేరు, పని పేరు ఉంటే నిజమైన స్నేహితుడు ఎలాగైనా చేరతాడు.

జీతం, కొన్న స్థలాలు, కట్టిన ఇల్లు వద్దు. పిల్లల గురించి ఒక్క వాక్యం చాలు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు, నీట్ ర్యాంకు వద్దని నేను గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఆ పేజీ చదివే వాళ్ళలో పిల్లలు పుట్టని వాళ్ళుంటారు, బిడ్డని పోగొట్టుకున్న వాళ్ళుంటారు. ఇది వాళ్ళు చదివి ఆనందించాల్సిన పుస్తకం కూడా.

ఇక అసలు సంగతికి వస్తాను. "లారీ లోడుకి లిస్టు రాయడం, ఏ మొక్కకి ఏ తెగులో చెప్పడం, అంతే" అన్నారు. ఆ "అంతే" తీసేయండి, మీ రెండు వందల మాటలూ అక్కడే ఉన్నాయి. కడియం నుంచి ఎన్ని రాష్ట్రాలకి మొక్కలు వెళ్తాయో మీకు నాకంటే బాగా తెలుసు. ఒకే మొక్కని ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరుతో పిలుస్తారు, ఒకే పేరుతో మూడు రకాలు అమ్ముతారు. లిస్టులో సరైన శాస్త్రీయ నామం రాయగలిగిన మనిషి ఉండడం ఎంత పెద్ద విషయమో మీ ప్రొఫెసరు క్లాస్‌మేట్‌ని అడగండి, ఆయనే చెబుతారు. కోనసీమ కొబ్బరిని ఇన్నేళ్ళుగా పీడిస్తున్న సర్పిలాకార తెల్లదోమ సంగతే తీసుకోండి. ఆకు అడుగున తెల్లటి చుట్టలు, కింద ఆకుల మీద నల్లటి మసి. అది దూరాలకి పాకేది చాలావరకు మొక్కల రవాణాతోనే. నర్సరీలో ఆకు తిప్పి చూసి ఈ మొక్క లారీ ఎక్కడానికి వీల్లేదు అని ఆపగలిగిన బాటనీ ఎమ్మెస్సీ, అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం వాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడగలిగిన మనిషి, మీ బ్యాచ్‌లో ఇంకెవరున్నారు?

నేనైతే మీ తరఫున ఇలా రాస్తాను. మీ మాటల్లోకి మార్చుకోండి, నిజం కానిది ఏదైనా ఉంటే కొట్టేయండి:

"నేను రాజోలు దగ్గర (ఊరి పేరు) అమ్మాయిని. అప్పటి ఇంటిపేరు (పుట్టింటి ఇంటిపేరు), హాస్టల్లో నన్ను (ముద్దుపేరు) అనేవారు. పెళ్ళయి కడియం వచ్చాను. 2005 నుంచి పదిహేనేళ్ళు ఇక్కడి జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పాను. ఆకు కోత కోసి మైక్రోస్కోపులో చూపించకుండా నా క్లాసు నుంచి ఎవరూ బయటికి వెళ్ళలేదు. 2020లో కరోనా సమయంలో ఆ ఉద్యోగం పోయింది. అప్పటి నుంచి మా నర్సరీలో పని చేస్తున్నాను. మొదటి ఏడాది అంటు కట్టడం మా కూలీల దగ్గరే నేర్చుకున్నాను, నా చేతి అంట్లు బతకడానికి రెండు కార్తెలు పట్టింది. ఇప్పుడు బయటికి వెళ్ళే ప్రతి లోడులో మొక్కల పేర్లు, తెగుళ్ళు చూసే బాధ్యత నాది. మన టాక్సానమీ నోట్సు ఇప్పటికీ బల్ల మీదే ఉంది. ఇంటికైనా, స్కూలుకైనా, పొలం గట్టుకైనా ఏ చెట్టు వేయాలో తెలియకపోతే నన్ను అడగండి. సంక్రాంతికి ఇటు వచ్చే వాళ్ళు నర్సరీకి రండి, వెళ్ళేటప్పుడు ఒక మొక్క ఇస్తాను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది."

మైక్రోస్కోపు సంగతి, అంట్ల సంగతి, నోట్సు సంగతి, అమ్మాయి సంగతి నా ఊహ. మీ దగ్గర అలాంటివే నిజమైనవి ఉంటాయి, అవి పెట్టండి. "సాధించినవి" అన్న మాట మీకు బరువుగా ఉంటే అసలు ఆ మాట జోలికి పోవద్దు. ఏ సంవత్సరం ఏం జరిగింది, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాను, ఇప్పుడు నాతో ఎవరికి ఏం పని పడుతుంది, ఈ మూడూ ఉంటే చాలు. ఫొటో కూడా స్టూడియోలో దిగింది వద్దు, పెళ్ళి పట్టుచీరతో దిగింది వద్దు. షేడ్ నెట్ కింద, చేతిలో కవరు మొక్కతో, ముఖం స్పష్టంగా కనపడేలా ఇంట్లో వాళ్ళ చేతో, పక్కవాళ్ళ చేతో తీయించుకోండి. వెనకాల మొక్కల వరసలు కనపడాలి. అమెరికాలో ఉన్న మీ సైంటిస్టు స్నేహితురాలు ఆ ఫొటో చూసి ముందు మొక్కల పేర్లు చదవడానికి ప్రయత్నిస్తుంది.

రాసి పంపాక ఒక వారం మీ వాళ్ళ స్పందన కోసం ఎదురుచూడవద్దు. గ్రూపులో గుడ్ మార్నింగుల మధ్య అది కిందకి వెళ్ళిపోతుంది. మా అనుభవంలో నిజంగా పని ఉన్న ఫోన్లు నెలకో, ఆర్నెల్లకో వస్తాయి, ఒకటి రెండు మూడేళ్ళకి కూడా వచ్చాయి. అందుకే అచ్చు కాపీ తప్పకుండా వేయించమని మీ వాళ్ళకి చెప్పండి, కొన్ని కాపీలైనా.

నాకు కూడా మీతో ఒక పని పడింది. పైన చెప్పానే, నీటి పరీక్షల ల్యాబు పెట్టిన మా క్లాస్‌మేట్, ఆయన దగ్గరికి వచ్చే రైతులు చెరువు గట్ల మీద వేయడానికి చెట్లు అడుగుతున్నారట. గట్టు మట్టిలో ఉప్పు ఎక్కువ, వేసవిలో మరీ ఎక్కువ. వేళ్ళు గట్టుని పట్టుకోవాలి, ఆకు రాలి చెరువులో పడకూడదు, గాలికి విరగకూడదు. కొబ్బరి తప్ప ఇంకేమీ తోచడం లేదన్నాడు. తెల్లదోమ వల్ల కొబ్బరి వేయడానికి జంకుతున్నారు. మీరైతే ఏ మొక్క చెబుతారు? తీరిక చూసుకుని ఇక్కడే రాయండి, ఆయనకి చూపిస్తాను.